పూడిక లేని బావి

మా వీధిలో అందరూ ఆయన్ని బావుల బాబాయి అంటారు. అసలు పేరేమిటని ఒకసారి అడిగితే, "ఉండేది నాయనా ఒకటి. ఏ బావిలో జారిపోయిందో" అన్నాడు. బావుల్లో పూడిక తీయడం ఆయన వృత్తి. తండ్రి బావులు తవ్వేవాడు. కొడుకు కాలానికి కొత్తవి తవ్వించేవాళ్ళు తగ్గిపోయారు. అందుకని తండ్రి తవ్వినవాటినే శుభ్రం చేసుకుంటూ బతికాడు. "మా నాన్న తవ్వాడు, నేను గోకుతున్నాను" అని నవ్వేవాడు.

సన్నటి మనిషి. మోచేతులూ మోకాళ్ళూ రాతికి రాసుకుని రాసుకుని కాయలు కాసి ఉంటాయి. ఏ ఇంటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు, బావిలోకి తొంగి చూస్తాడు. వయసులో ఉండగా పెళ్ళి మాటలకని వెళ్ళిన ఇంట్లో కూడా ఆ పనే చేసి, "ఈ నీళ్ళు తాగితే పళ్ళు గార పడతాయే, పిల్ల పళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగాడట. తలుపు వెనక నుంచి పిల్ల విన్నది. ఆ తర్వాత ఆయన్ని అల్లుడిగా ఎవరూ పిలవలేదు. అక్క ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆ అక్క లాండ్రీ నా కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉండేది. నేను మోటార్లకి వైండింగ్ చేస్తాను. రాగి తీగ చుట్టే పనికి చేతులు చాలు, చెవులు ఖాళీగా ఉంటాయి. ఆ చెవుల్ని బాబాయి ఏళ్ళ తరబడి వాడుకున్నాడు. పని లేని రోజున నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఏ బావిలో ఏముందో చెప్పేవాడు. నూనె మిల్లు బావిలో తాబేలు. బడి బావిలో పిల్లలు పారేసిన పలకల కుప్ప. ఏ బావిలో కప్ప గోధుమ రంగు, ఏ బావిలో పచ్చ. నేను వింటూ తీగ చుట్టేవాణ్ణి. వినగా వినగా నాకు మా వీధి పైనుంచి కాక కిందనుంచి అర్థమవడం మొదలైంది.

లాండ్రీ గేటు తీయగానే పెద్ద పెరడు. నడిమధ్యన బావి, దాని చుట్టూ ఉతుకు బండలు, ఆపైన తీగల మీద ఎప్పుడూ తెల్లటి దుప్పట్లు. బావికి ఆనుకుని ఇస్త్రీ గది, దాని వెనక వాళ్ళు పడుకునే గది. అక్కని నేను పెద్దమ్మ అని పిలిచేవాణ్ణి. గట్టి గొంతు. చొక్కా కాలరు చూసి ఆ మనిషి ఇంట్లో గొడవలున్నాయో లేదో చెప్పేది. "మాసిన బట్ట అబద్ధం చెప్పదురా" అనేది.

ఆమె భర్తని వీధంతా తాడాయన అనేవాళ్ళు. బాబాయి బావిలోకి దిగితే పైన తాడు పట్టుకునేది ఆయనే. బలమైన మనిషి, మెల్లగా మాట్లాడతాడు, ఒక మాట అని రెండో మాట కోసం మనల్ని ఎదురుచూసేలా చేస్తాడు. బావా బామ్మర్దులిద్దరికీ ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే తిండీ నిద్రా. "మా బామ్మర్ది లోపలికి దిగితే బావి నిండుతుంది, పైకొస్తే ఇల్లు నిండుతుంది, నాకే చోటు లేదు" అని ఆయన. "మా బావకి తాడు తప్ప ఇంకేదీ పట్టుకోవడం రాదు, మా అక్క చెయ్యి కూడా" అని ఈయన.

వీళ్ళ పనిలో ఒక అలవాటుంది. పూడిక తీసి, ఊట నీళ్ళు తేరుకున్నాక, వాగులోంచి తెచ్చిన ఒక నల్ల చేపపిల్లని బావిలో వదిలితేనే పని అయినట్టు. అది దోమ పురుగుల్ని తింటుంది. మర్నాటికి బతికుంటే నీళ్ళు మంచివి. ఒక రకంగా అది వాళ్ళ సంతకం. ఆ చేపల విషయంలో కూడా ఇద్దరికీ వేళాకోళమే. ఒకసారి తాడాయన పాములా మెలికలు తిరిగే పొడుగాటి చేపని ముందుగా ఒక బావిలో వదిలి, ఏమీ ఎరగనట్టు బామ్మర్దిని దింపాడు. బాబాయి కాలికి అది చుట్టుకోగానే పెట్టిన కేక నా కొట్టుదాకా వినిపించింది. బదులుగా బాబాయి బావ తాగే కుండలో బొమ్మిడాయని వేశాడు. చేపని వేసినవాడు నోరు విప్పకూడదు, అదీ ఆటలో నియమం. అవతలివాడు అడిగినా సరే, "నాకేం తెలుసు" అనాలి.

అయితే ఈ ఆటలన్నీ తాడు చేతిలోకి తీసుకోనంతవరకే. తాడు పట్టుకున్నాక అబద్ధం లేదు, జోకు లేదు. ఇద్దరిలో ఎవరు ఏది అడిగినా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇది బాబాయి తండ్రి పెట్టిన కట్టడి. "తాడు ఒక కొస నా నడుముకి, ఇంకో కొస బావ చేతికి. మధ్యలో అబద్ధం చేరితే తాడు తెగినట్టే కదా" అని బాబాయి అనేవాడు.

తెల్లచేప సంగతి ఇక్కడినుంచి మొదలవుతుంది.

కొండవైపు వీధి బావుల్లో ఒక రకం చేప ఉంటుంది. తెల్లగా, లోపలి పేగు కనిపించేంత పల్చగా ఉంటుంది. కళ్ళుండవు. కళ్ళుండాల్సిన చోట చర్మం మూసుకుపోయి ఉంటుంది. అటు ప్రతి బావిలోనూ ఉంది. నూనె మిల్లు గోడ దాటి ఇటువైపు వస్తే ఒక్క బావిలోనూ లేదు. బాబాయి తండ్రి కాలంలోనూ ఇంతే. ఎందుకని అడిగితే, "వాటి ఊరు అదీ, వీటి ఊరు ఇదీ" అనేవాడు బాబాయి.

అలాంటిది ఒక ఎండాకాలంలో పెద్దమ్మ బావిలో తెల్లచేప కనిపించింది.

బాబాయి చూశాడు, నవ్వుకున్నాడు. బావ కొండవైపు నుంచి తెచ్చి వదిలాడనుకున్నాడు. అడిగితే ఓడిపోయినట్టు, అందుకని అడగలేదు. తాడాయనా చూశాడు. బామ్మర్ది కొత్త ఎత్తు ఇదన్నమాట అనుకుని మూతి బిగించాడు. కొన్నాళ్ళకి రెండోది కనిపించింది. తర్వాత ఇంకోటి. ఎవరికి వారు అవతలివాడి మొండితనాన్ని లోపల మెచ్చుకుంటూ ఊరుకున్నారు. పెద్దమ్మ మాత్రం ఇద్దర్నీ తిట్టింది. "గుడ్డి చేపల్ని తెచ్చి నా బావిలో పోస్తారా? నా బట్టలుతికే నీళ్ళు మీకు ఆటబొమ్మా?"

తిట్టిందే కానీ ఆ ఏడు ఆమె సంతోషానికి హద్దు లేదు. ఎండలు మండిపోతున్నా బావి తగ్గలేదు. నేను చుట్టిచ్చిన మోటారు పొద్దంతా తోడినా నీటిమట్టం వేలెడు కూడా దిగేది కాదు. నీళ్ళు కూడా మునుపటికంటే చల్లన. దుప్పట్లు పాలల్లో ముంచినట్టు వచ్చేవి. "నా బావి అక్షయపాత్రే" అని గేటు దగ్గర నిలబడి అందరికీ చెప్పేది. చిన్న చిన్నవి ఎవరూ పట్టించుకోలేదు. ఇస్త్రీ గది తలుపు గడపకి రాసుకుంటోంది, తాడాయన దాన్ని రెండుసార్లు చిత్రిక పట్టాడు. ఒక ఉతుకు బండ కింద చీమ దూరేంత సందు పడింది. బావిలో పచ్చకప్పలు లేకుండా పోయాయి. సబ్బు నీళ్ళకి పోయి ఉంటాయని అనుకున్నాం. ఎక్కడికి పోయాయా అని మాత్రం ఎవరమూ అనుకోలేదు.

ఆ రోజుల్లోనే మ్యూజియం మేడమ్ నా కొట్టుకొచ్చింది. ఎముకల మీద మట్టి తొలిచే చిన్న యంత్రం మోటారు కాలిపోతే పట్టుకొచ్చింది. నేను మోటారు విప్పుతుంటే ఆమె చూపు నా బల్ల మీద కాగితాలకి బరువుగా పెట్టుకున్న దవడ ఎముక మీద పడింది. బాబాయి చిన్నతనంలో తండ్రితో ఇప్పటి లాండ్రీ బావిని తవ్వుతుండగా దొరికింది. నేను ఇన్నేళ్ళూ కుక్క దవడే అనుకున్నాను.

ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తుకుంది. "ఇది దుమ్ములగొండిది."

స్టూలు మీదున్న బాబాయి లేచి నిలబడ్డాడు. "దుమ్ములగొండి ఈ చుట్టుపక్కల ఎక్కడిదమ్మా?"

"ఇప్పుడు లేదు. ఇప్పుడు దాన్ని చూడాలంటే చాలా దూరం పోవాలి, గడ్డినేలలున్న చోటికి. ఒకప్పుడు ఇక్కడా గడ్డే అన్నమాట. గడ్డి పోతే జింక పోతుంది, జింక పోతే దాని వెనకే ఇదీ పోతుంది. ఎముకలు మాత్రం ఎక్కడికీ పోవు." ఆమె బల్ల మీది దుమ్ములో వేలితో పెద్ద గీత గీసి, లోపల చిన్న గీత గీసింది. "ఒకప్పుడు ఇంత మేర తిరిగాయి. ఇప్పుడు ఇంతలోకి కుదించుకుపోయాయి. ఇంకేమైనా దొరికాయా?"

"చాలా దొరికాయి. జింక కొమ్ములు, తాబేటి చిప్ప, చిన్నచిన్న ఎముకలు గంపల కొద్దీ. అటూ ఇటూ తెల్లరాయి. మధ్యలో ఎర్రమట్టి. ఆ మట్టిలో అన్నీ కలగాపులగం."

"కొరికిన గాట్లున్నాయా?"

బాబాయి ఆలోచించాడు. "లేవు. కాళ్ళకి కాళ్ళు, కీళ్ళతో సహా ఉన్నాయి."

మేడమ్ దవడని బల్ల మీద పెట్టింది. "జింకా, జింకని తినేదీ ఒకే చోట. అయినా ఒకటి ఇంకోదాన్ని తినలేదు. అవి అక్కడ బతకలేదు బాబాయిగారూ, పడ్డాయి. రాతిలో నోరు తెరుచుకున్న గొయ్యి ఉండి ఉంటుంది. మొదట గడ్డి మేస్తూ జింక పడింది. దాని వాసనకి ఇది వచ్చి ఇదీ పడింది. తర్వాత ఎప్పటికో ఆ గొయ్యి మట్టితో నిండిపోయింది. మీ నాన్నగారు అక్కడే బావి ఎందుకు తవ్వారు?"

"చుట్టూ ఎక్కడ పలుగేసినా రాయే తగిలింది. అక్కడ ఒక్కచోటే మెత్తగా దిగింది. అదృష్టం అన్నాడు మా నాన్న."

నా చేతిలో తీగ ఆగిపోయింది. మేడమ్ మెల్లగా అంది, "అంటే పాత గొయ్యిలోనే కొత్త బావి."

అప్పుడే బాబాయి, తనకి తెలిసింది తనూ చెప్పాలన్న సరదాతో, తెల్లచేప సంగతి ఎత్తాడు. ఆమెకి ఆ చేప తెలుసు. నేల కింది నీళ్ళలో తప్ప ఇంకెక్కడా ఉండదని, రాతి లోపలి సొరంగాల వెంట తిరుగుతుందని చెప్పింది. ఇటువైపు బావుల్లో ఎక్కడైనా ఉందా అని అడిగింది.

"మా అక్క బావిలో ఉన్నాయి కానీ, అవి మా బావ వేసినవేలెండి" అని బాబాయి పకపకా నవ్వాడు.

"మనిషి తెచ్చినదైతే లెక్కలోంచి తీసేస్తాం. అది ఆ చోటు గురించి ఏమీ చెప్పదు" అని ఆమె కూడా నవ్వింది. నేనూ నవ్వాను. అంత తెలిసిన మనిషి ఆమె, బావులన్నీ తెలిసిన మనిషి ఆయన, ఇద్దరూ వేలు పెట్టాల్సిన చోట వేలు పెట్టి తీసేశారు. నేను మధ్యలో కూర్చుని మోటారుకి తీగ చుట్టాను.

బావి గోడలో ఇంకా ఎముకలుంటే చూడాలని మేడమ్ కోరింది. ఎలాగూ పూడిక తీసే వేళయింది కదా అని బాబాయి ఒప్పుకున్నాడు. పూడిక తీశాక కబురు చేయమని చెప్పి ఆమె వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే మోటారు ఆపడానికి నేనూ పెరట్లోకి వెళ్ళాను. గాలి మంచిదో కాదో చూడ్డానికి ముందు దీపం దించారు. దీపం ఆరలేదు కానీ మంట ఒక పక్కకి వంగింది. "గాలి ఎక్కణ్ణుంచి?" అన్నాడు తాడాయన. బాబాయి భుజాలెగరేసి, ఒంటికి నూనె రాసుకుని, తాడు నడుముకి కట్టుకుని దిగాడు. ఊపిరి బిగపట్టి నీళ్ళలో మునిగి, పూడికని తట్టలోకి ఎత్తడం ఆయన పద్ధతి. పెద్దమ్మ బండ మీద దుప్పటి బాదుతోంది. "తొందరగా తెమల్చండి. హోటలు వాళ్ళ బట్టలు మిగిలున్నాయి."

కింద నీళ్ళ చప్పుడు. ఒకసారి మునిగాడు. తేలాడు. మళ్ళీ మునిగాడు. తట్ట ఖాళీగానే ఉంది.

"ఏం బామ్మర్దీ, నిద్రపోయావా?"

పైకి వచ్చిన గొంతు వేరుగా ఉంది. "బావా, పూడిక లేదు."

"మంచిదే కదా! ఊరికే జీతం."

"కాదు బావా. పోయినేడు నడుం లోతు తీశాను. బట్టల మురికి, గట్టు మీది మట్టి, ఏడాదంతా పడేదే కదా. ఒక్క గుప్పెడు లేదు. అడుగు కడిగినట్టుంది." మళ్ళీ నీళ్ళ చప్పుడు. "నీళ్ళు నా కాళ్ళని ఒక పక్కకి లాగుతున్నాయి."

పెద్దమ్మ దుప్పటి బాదడం ఆపింది.

"బావా, తాడు నీ చేతిలోనే ఉందా?"

"ఉంది."

"అయితే చెప్పు. తెల్లచేపల్ని నువ్వేనా వేసింది?"

తాడాయన నా వంక చూశాడు. మొహంలో నవ్వు మొదలై అక్కడే నిలిచిపోయింది. తాడు రెండు చేతుల్లో ఉంది. ఆట నియమం ప్రకారం "నాకేం తెలుసు" అనాలి, తాడు నియమం ప్రకారం అనకూడదు.

"నేను కాదు" అన్నాడు. తర్వాత, బావిలోకి వంగి, "నువ్వు కాదా?"

కిందనుంచి తాడు ఒక్కసారి బిగిసింది.

"నేనూ కాదు బావా. లాగు. నన్ను పైకి లాగు."

అంత తొందరగా ఆయన తాడు లాగడం నేను ఎప్పుడూ చూడలేదు. బాబాయి గట్టు మీద కూలబడ్డాడు. మంచి ఎండలో పళ్ళు టకటకలాడుతున్నాయి. అక్కని దగ్గరికి పిలిచి, చేయి పట్టుకుని చెప్పాడు. "అక్కా, అవి వాటంతటవే వచ్చాయి. కొండకీ మన బావికీ కింద దారి పడింది. మన మట్టి ఆ దారినే పోతోంది. ఈ పాత గొయ్యి మళ్ళీ ఖాళీ అవుతోంది. మనం ఇక్కడ ఉండొద్దు."

పెద్దమ్మ చేయి విడిపించుకుంది. "చేప వస్తే ఇల్లు వదిలేస్తారా ఎవరైనా? రేపు కాకి వాలితే వీధి వదిలేద్దామా?"

"అక్కా, నీళ్ళు కదులుతున్నాయి."

"బావిలో నీళ్ళు కదలడమేంట్రా! బావంటేనే నిలవ నీళ్ళు. నీకు చలేసి కాళ్ళు వణికుంటాయి." పెరడంతా ఒకసారి కలయచూసింది. తీగలు, బండలు, బొగ్గుల ఇస్త్రీ పెట్టెలు. ఆమె బతుకంతా ఆ గేటు లోపలే ఉంది. "సరే. నీ మాటెందుకు, నా మాటెందుకు. నా నీలిమందునే అడుగుదాం."

లోపలికెళ్ళి తెల్లబట్టలకి పెట్టే నీలం పొట్లాలు ఒడినిండా తెచ్చి, విప్పి, అన్నీ బావిలో గుమ్మరించింది. చేద వేసి కలియతిప్పింది. బావి సిరాబుడ్డిలా అయింది. "జీవితమంతా నీలం పెట్టినదాన్ని. నీళ్ళు పోతే తప్ప నీలం పోదు. సాయంత్రం వచ్చి చూడు, ఎవరి తల తిరిగిందో తెలుస్తుంది." అప్పటికే ఉతికిన దుప్పట్లని తీగ మీద ఆరేసి, కూర్చుంది.

నేను కొట్టు తెరవలేదు. నలుగురం గట్టు చుట్టూ కూర్చున్నాం. మొదట బావా బామ్మర్దులు ఒకరినొకరు నెట్టుకున్నారు. "మూడు చేపలూ నువ్వే అనుకుని నేను ఎంత మెచ్చుకున్నానో." "నేను మాత్రం? నీకింత బుర్ర ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాను." తర్వాత ఆ మాటలూ ఆగిపోయాయి. ఎండ దుప్పట్ల మీంచి జరుగుతోంది. పెద్దమ్మ మధ్యమధ్యలో లేచి తొంగి చూసి, ఏమీ అనకుండా వచ్చి కూర్చుంటోంది. ఒకసారి చేద వేసి తోడి, ఆ నీళ్ళని దోసిట్లో పట్టుకుని ఎండకి ఎత్తి చూసింది. వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా అలాగే నిలబడింది.

దుప్పట్లు ఇంకా పూర్తిగా ఆరలేదు. బావి అద్దంలా ఉంది. నీలం చుక్క లేదు.

ఆమె ఏడవలేదు. దుప్పట్లని పచ్చిగానే లాగి మడతపెట్టింది. "ఏమయ్యా, ఇస్త్రీ పెట్టెలు ముందు తియ్యి. బరువైనవి" అంది భర్తతో.

నా కొట్టు వెనక గది వాళ్ళకిచ్చాను. సామాను మోస్తుంటే వీధిలో నవ్వులే నవ్వులు. "గుడ్డి చేప దారి చూపిందట!" అని నూనె మిల్లు వాళ్ళు. రోజులు గడిచాయి. లాండ్రీ పెరడు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఖాళీ తీగలు గాలికి ఊగేవి. నవ్వులు ఎక్కువయ్యాయి. పెద్దమ్మ గేటు వైపు చూడ్డం కూడా ఎక్కువైంది. నా కొట్టు వెనక బావి నీళ్ళకి సబ్బు నురగ రావట్లేదని సణిగేది. చివరికి ఒకరోజు, "ఉండటం మానేశాం. నీళ్ళు తోడుకోవడం కూడా మానేయాలా?" అని భర్తకి చేద ఇచ్చింది.

బాబాయి వద్దన్నాడు. ఆమె వినలేదు. తాడాయన ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. చివరికి బాబాయి ఒక్క షరతు పెట్టాడు. పూడిక తాడు కొస బావ నడుముకి కట్టాలి. రెండో కొస వీధి దాటించి నా కొట్టు ముందున్న ఇనప స్తంభానికి రెండు చుట్లు వేసి తను పట్టుకుంటాడు.

ఇక చూడాలి వీధి సంబరం. "బావకి పలుపు తాడేసి మేపుతున్నాడు బామ్మర్ది!" తాడాయన కూడా మురిసిపోతూ, నడుముకి తాడుతో, మెడ ఊపుకుంటూ గేటులోకి నడిచాడు. రోజూ పొద్దున ఇదే తంతు. నవ్వడం అలవాటైపోయి, కొన్నాళ్ళకి నవ్వేవాళ్ళు కూడా నవ్వడం మానేశారు. బాబాయి ఒక్కరోజు కూడా తాడు వదల్లేదు.

ఆ పొద్దున నేను షట్టరు ఎత్తుతున్నాను. గిలక కిర్రుమంది. చేద నీళ్ళలో పడిన చప్పుడు కోసం చెవి అలవాటుగా ఎదురుచూసింది. ఆ చప్పుడు రాలేదు. తాడాయన గొంతు, మెల్లగానే, "బామ్మర్దీ, నీళ్ళు లేవు" అంది.

తర్వాత వచ్చింది పెద్ద చప్పుడేం కాదు. తడి దుప్పటిని బండ మీద ఒక్కసారి వేసినట్టు. గేటు లోపల ఉతుకు బండలు ఒకదాని వైపు ఒకటి వాలాయి, కనిపించకుండా పోయాయి. తీగలు బిగుసుకుని తెగాయి. ఇస్త్రీ గది గోడ మోకాళ్ళు వంచినట్టు కిందికి కూర్చుంది. తాడు స్తంభం చుట్టూ చుర్రుమని బిగుసుకుంది.

బాబాయి అరచేతుల చర్మం తాడుతో పాటు పోయింది. అయినా వదల్లేదు. నేనూ పట్టుకున్నాను, నూనె మిల్లు వాళ్ళూ పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు. లాగాం. గేటు ఉండాల్సిన చోట, అంచు మీద, ముందు ఒక చేయి వచ్చింది, తర్వాత ఎర్రమట్టి ముద్దలాంటి తల. పెద్దమ్మ పరుగున వెళ్ళి ఆయన్ని ఈవలికి ఈడ్చి, రెండు చెంపలూ వాయించి, ఒళ్ళోకి తీసుకుంది. "నేనే పంపాను, నేనే పంపాను" అంటోంది.

ఆయన నోట్లో మట్టి ఉమ్మేసి, బామ్మర్ది కోసం చూశాడు.

"కింద బావి లేదోయ్. గది ఉంది. పెద్దది. పైకప్పు రాయి." ఊపిరి అందక ఆగాడు. రెండో మాట కోసం మేమంతా ఎదురుచూశాం. "గోడల నిండా ఎముకలు. అడుగున నీళ్ళు పోతున్నాయి, వాగులాగా. ఇటువైపు." చేయి ఎత్తి వేలు చూపించాడు. గొయ్యి వైపు కాదు, మా వైపు. మేం నిలబడ్డ రోడ్డు కిందికి.

"ఎంత దూరం ఉంది బావా?"

"చివర కనపడలేదు."

"భయానికి ఏదో మాట్లాడుతున్నాడు, పాపం" అని వెనక ఎవరో అన్నారు. బాబాయి తాడు వంక చూశాడు. అది ఇంకా బావ నడుముకే ఉంది.

కబురందుకుని మ్యూజియం మేడమ్ వచ్చింది. గొయ్యి అంచు దాకా పోనివ్వలేదు ఎవరూ. దూరం నుంచే, తెగిన మట్టిగోడలో కొమ్ములు తేలి ఉండటం చూసి చాలాసేపు నిలబడింది. "చేపని లెక్కలోంచి తీసేశాను" అని మాత్రం అంది. ఇప్పుడు అధికారులకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తోంది. వాళ్ళు కొలుస్తామన్నారు.

బావా బామ్మర్దులు ఇప్పుడు ఏ బావిలోనూ నల్ల చేపని వేయడం లేదు. పని ముగిసినా సంతకం లేకుండానే వచ్చేస్తున్నారు. ఏ బావిలోనైనా ఏ చేపైనా కనపడితే అది ఎలా వచ్చిందో అనుమానం ఉండకూడదట. వీధిలో ఒక్కో బావికీ వెళ్ళి, తాడుకి ఇనపగుండు కట్టి దించి, అడుగు తట్టి చూస్తున్నారు. పుండ్లు పడ్డ చేతులకి గుడ్డలు చుట్టుకుని మరీ బాబాయి ఆ పని చేస్తున్నాడు.

నిన్న నా కొట్టు వెనక బావి వంతు వచ్చింది. పెద్దమ్మ బట్టలు పిండుతూ చూస్తోంది. గుండు దిగింది. బాబాయి తాడుని వేళ్ళతో పట్టి, తల ఒక పక్కకి వంచి, పైకీ కిందికీ కదిలించాడు. ఇంకోచోట తట్టాడు. ఇంకోచోట.

"ఎలా ఉంది బాబాయ్? పూడిక ఉందా?" అని అడిగాను.

ఆయన నా మొహం వంక చూశాడు. గుండు పైకి లాగాడు. తాడు మెల్లగా చుట్ట చుట్టి, బావి గట్టు మీద పెట్టాడు. రెండు చేతులూ పంచెకి తుడుచుకున్నాడు.

"ఉంది నాయనా. బోలెడుంది. నువ్వేం దిగులు పడకు" అన్నాడు.

నేను లోపలికి వచ్చి మోటార్లు సర్దడం మొదలుపెట్టాను. బరువైనవి ముందు.